తుప్పుపట్టిన చాకు

అపార కరుణామయుడు, పరమ కృపాశీలుడు అయిన అల్లాహ్ నామంతో ప్రారంభిస్తున్నాము. సకల స్తోత్రాలు ఆయనకే చెందుతాయి. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మా అంతరంగాల కీడు నుండి ఆయన శరణే వేడుకుంటున్నాము. ఆయన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన సోదరులారా! తెర వెనుక ఆసీనులైన సోదరీమణులారా! 

ఈ జుమా రోజున మేము మీ ముందుకు ఒక చిన్న వస్తువు కథతో వచ్చాము. అది ఒక పాత చాకు. దానిని వెంట తీసుకురాలేదు. అది ఇప్పుడు మా వద్ద లేదు. ఎందుకు లేదో ఈ ప్రసంగం ముగిసేలోగా మీకే తెలుస్తుంది.

మా తండ్రిగారు, అల్లాహ్ ఆయన సమాధిని జ్యోతిర్మయం చేయుగాక, బందరు పట్టణంలో నలభై సంవత్సరాలు పండ్ల బండి నడిపారు. వేసవిలో నూజివీడు మామిళ్ళు, తక్కిన కాలంలో బత్తాయిలు, జామకాయలు, అరటిపండ్లు. ఆయన చొక్కా జేబులో ఎల్లప్పుడూ ఒక చాకు ఉండేది. పిడికి రెండు వైపులా కొమ్ము చెక్కలు, వాటిని పట్టి ఉంచే ఇత్తడి మేకులు, లోపలికి మడిచి పెట్టుకొనే ఒకే ఒక అలుగు. కొనవచ్చినవారు అడగకముందే ఆయన ఒక కాయను తీసి, చీలిక కోసి వారి చేతిలో పెట్టేవారు. కాయకు మచ్చ ఉంటే, ఆ మచ్చ ఉన్న వైపే ముందుగా కోసి చూపేవారు.

చిన్నతనంలో మేము ఒకసారి అడిగాము: "అబ్బా, మచ్చ లేని వైపు కోసి చూపకూడదా?"

ఆయన నవ్వి, "మచ్చ వాళ్ళింటికి పోయాక కనబడితే, వాళ్ళు పారేసేది కాయను కాదురా, మనల్ని" అన్నారు.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పోనిచ్చి చూడగా లోపలి గింజలు తడిగా తగిలాయని, ఆ తడిని జనులకు కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని నిలదీశారని, మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారని సహీహ్ ముస్లిం గ్రంథం ద్వారా మనకు తెలుస్తున్నది. మా తండ్రిగారు మదరసాలో చదువుకున్నవారు కారు. ఆ హదీసును మేము పుస్తకంలో చదివాము, ఆయన చాకు మొనతో ఆచరించారు.

ఆయన పరలోకగతులై తొమ్మిది సంవత్సరాలు గడిచాయి. మా తల్లిగారు అంతకుముందే వెళ్ళిపోయారు. ఈ ఏడాది వర్షాలకు ముందు పాత ఇంటికి సున్నం వేయించడానికి వెనుక గది తెరిచినప్పుడు, రేకు పెట్టె అడుగున, ఒక తువ్వాలులో చుట్టిన ఆ చాకు కనబడింది. బందరు గాలి ఉప్పు గాలి. ఉప్పు కలిసిన తేమ ఇనుముకు ఎంత శత్రువో అక్కడి ప్రతి ఇంటి కిటికీ ఊచలు చెబుతాయి. ఆ చాకు ఎర్రని పొడి రాలుస్తూ ఉన్నది. గోటితో లాగినా, బలంగా లాగినా అలుగు కదలలేదు. తువ్వాలు మీద చాకు ఆకారంలోనే ఎర్రని మచ్చ పడి ఉన్నది.

సోదరులారా! తుప్పు అంటే ఏమిటి? అది బయటి నుండి వచ్చి అంటుకొనే మురికి కాదు. గాలిలోని ప్రాణవాయువు, నీటి తేమ కలిసి ఇనుమునే మరొక పదార్థంగా మార్చివేస్తాయి. అంటే తుప్పు అనేది ఒకప్పటి ఇనుమే. అది తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుచేత పొంగి, పొలుసులుగా లేస్తుంది. ఆ పొలుసుల సందులలో తేమ మళ్ళీ నిలుస్తుంది, అడుగున ఉన్న ఇనుమును మళ్ళీ తింటుంది. తుప్పు తన క్రింద ఉన్నదానిని కాపాడదు. తానున్నంత కాలం మరింత తుప్పుకు దారి చేస్తూనే ఉంటుంది.

ఢిల్లీలో కుతుబ్ మీనార్ ప్రక్కన, కువ్వతుల్ ఇస్లాం మస్జిదు ప్రాంగణంలో ఒక ఇనుప స్తంభం ఉన్నది. దాని ఎత్తు ఏడు మీటర్లకు పైన. సుమారు 1,600 సంవత్సరాలుగా ఎండకు ఎండి, వానకు తడుస్తున్నా అది తుప్పుకు లొంగలేదు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దాని మూలంగా పైన ఒక పలుచని గట్టి పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతున్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. గాలి అదే, వాన అదే. ఒక ఇనుము తేమకు లొంగింది, మరొక ఇనుము తనలోని గుణంతోనే తనకు కవచం కట్టుకున్నది. తఖ్వా, అనగా దైవభీతి, విశ్వాసి హృదయానికి అటువంటి కవచం. లోకం అందరికీ ఒకటే లోకం, ప్రలోభాలు అందరికీ అవే ప్రలోభాలు.

ఇనుము అల్లాహ్ వరప్రసాదం. దివ్య ఖుర్ఆన్‌లోని 57వ సూరాకు హదీద్, అనగా ఇనుము, అనే పేరున్నది. దాని 25వ వాక్యంలో, ఇనుములో గొప్ప బలమూ మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని అల్లాహ్ తెలియజేశాడు. ప్రవక్త దావూద్ (అలై) కొరకు ఆయన ఇనుమును మెత్తగా చేశాడు. ఆ మహనీయుడు కవచాలు చేసి, తన చేతి కష్టార్జితాన్నే భుజించేవారు. ప్రవక్త (స) సహచరులలో హజ్రత్ ఖబ్బాబ్ (రజి) మక్కాలో కత్తులు చేసే కమ్మరి. మన గడ్డ మీద, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు తరలివచ్చేవారు. కనుక ఒక పాత చాకును చక్కదిద్దుకోవడం చిన్న పని అని మేము అనుకోలేదు. అల్లాహ్ ఇచ్చినదానిని పాడుచేసుకోకుండా కాపాడుకోవడం కూడా కృతజ్ఞతలో ఒక భాగమే.

మా వీధిలో సైకిలుకు సాన చక్రం బిగించుకొని తిరిగే ఒక పెద్దాయన ఉన్నారు. చాకు తీసుకొనిపోయి ఆయనకు చూపించాము. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసి ఇలా అన్నారు: "చక్రం మీద పెడితే రెండు నిమిషాల్లో తళతళలాడిపోద్ది ఇమాం సాబ్. కాని మీ నాయన కత్తి మిగలదు. తుప్పుతో పాటు ఇనుమూ పోద్ది, వేడికి పదునూ పోద్ది. కిరసనాయిల్లో పెట్టండి. తొందరపడకండి."

తన పనిని తానే వద్దని పంపివేసిన ఆ పెద్దాయన నిజాయితీని మేము మరచిపోలేము. మేము ఆయన చెప్పినట్లే చేశాము. మీలో ఎవరి ఇంటనైనా అటువంటి వస్తువు ఉంటే ఉపయోగపడుతుందని, ఆ విధానం చెబుతాము.

పిడి కొమ్ముది కనుక నానబెట్టలేదు. నీటిలోగాని నూనెలోగాని నానితే కొమ్ము ఉబ్బి పగిలిపోవచ్చును. అలుగు పిడితో కలిసే మడత కీలు దగ్గర మాత్రం కిరసనాయిలు చుక్కలుగా వేసి, నిప్పుకు దూరంగా, పాత గుడ్డలో చుట్టి పెట్టాము. తెల్లవారి లాగితే కదలలేదు. పటకారుతో పట్టి లాగుదామా అనిపించింది. అట్లా లాగితే అలుగు మీద గాట్లు పడతాయి, వెనుక ఉన్న కమాను విరిగిపోతుంది. మళ్ళీ చుక్కలు వేశాము. మూడవ రాత్రి గడిచాక, ఫజ్ర్ నమాజు చేసి వచ్చి, గోటి గాడిలో ఒక రాగి నాణెం అంచు ఆనించి మెల్లగా ఎత్తితే, చిన్న శబ్దంతో అలుగు వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజుకు అంతే చాలునని ఆపాము. మరునాటికి సగం తెరుచుకొన్నది. ఆ పైనాటికి పూర్తిగా తెరుచుకొన్నది.

తరువాత, లేచిన పొలుసులను ఇత్తడి రేకు ముక్కతో గీకి తీశాము. ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన, అందుచేత తుప్పును తీస్తుంది, ఉక్కును గీయదు. మిగిలినదానిని సన్నని ఉక్కు పీచుకు నూనె అద్ది, అలుగు పొడవునా ఒకే దిశలో రుద్దాము. మొండిగా నిలిచిన చోట్ల గుడ్డకు సిర్కా తడిపి కొద్ది నిమిషాలు ఉంచాము. సిర్కాలోని పులుపు తుప్పును కరిగిస్తుంది, కాని మరచిపోయి వదిలివేస్తే మంచి ఉక్కును సైతం తింటుంది. కనుక వెంటనే వంట సోడా కలిపిన నీటితో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాము. పిడి లోపలి సందులో అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి త్రిప్పితే, నల్లని జిడ్డుతో పాటు చొక్కా జేబు నూలుపోగులు, ఎండిన పండ్ల పీచు బయటికి వచ్చాయి. మా తండ్రిగారు కోసిన చివరి పండు ఏదో మాకు తెలియదు, కాని దాని పీచు మా వేళ్ళకు అంటింది.

చివరకు సాన రాయి. రాయిని తడిపి, అలుగును వెన్ను వైపు కొద్దిగా ఎత్తి, సుమారు ఇరవై డిగ్రీల వాలులో, ఆ వాలు మారకుండా ఒక వైపు రుద్దాము. వాదర వెంట ఆ పక్కకు సన్నని ఉక్కు ముల్లు లేచిందాకా రుద్ది, రెండవ వైపు త్రిప్పాము. తరువాత నున్నని రాయి, ఆ తరువాత పాత తోలు బెల్టు. పదును వచ్చినదీ లేనిదీ బొటనవేలితో చూడలేదు, కాగితం మీద చూశాము. కీలులో కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాము. అలుగును సబ్బుతో కడిగి, తుడిచాము.

తుప్పు పోయింది. దాని గుంటలు మాత్రం పోలేదు. అలుగు మీద సూది మొనంత నల్లని గుంటలు అక్కడక్కడా మిగిలాయి. వాటిని కూడా పోగొట్టాలంటే చుట్టూ ఉన్న మంచి ఉక్కునంతా అరగదీయాలి. అవి అట్లాగే ఉండనిచ్చాము.

సోదరులారా! ఇక అసలు మాటకు వస్తున్నాము.

చాకు సిద్ధమయింది. ఒక బత్తాయి కోసి చూద్దామని చేతిలోనికి తీసుకున్నాము. అలుగు తొక్కను తాకబోతుండగా ఒక ప్రశ్న మా మనసులో మెదిలింది: ఈ చాకు ఎవరిది?

మా తండ్రిగారిది. ఆయన లేరు. కనుక ఇది వారసులది. ఆయన వదిలిపోయిన సంతానం ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అల్లాహ్ నియమించిన లెక్క ప్రకారం కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. ఆస్తి మొత్తం అయిదు పాళ్ళు. ఈ చాకులో కూడా అయిదవ వంతు మా చెల్లెలిది. ఆమె అనుమతి లేనిదే మేము ఈ బత్తాయిని కోయరాదు.

చాకు విషయంలో ఇంతటి సూక్ష్మం తట్టిన ఈ ఇమాముకు, ఇంటి విషయంలో తొమ్మిది సంవత్సరాలుగా ఏమయింది?

ఆ ఇల్లు మా తండ్రిగారి కష్టార్జితం. దాని ముందుగది ఒక దుకాణం. దానికి నెలకు 2,000 రూపాయల అద్దె వస్తున్నది. ఆ అద్దెను అన్నదమ్ములం ఇద్దరమూ చెరిసగం పంచుకుంటున్నాము. తండ్రిగారు గతించిన నలభైయవ నాడు మేము చెల్లెలితో, "నీ పాలు సంగతి తరువాత చూద్దాము" అన్నాము. ఆమె తల వంచుకొని, "మీ ఇష్టం భాయ్‌జాన్" అన్నది. ఆ మాటను మేము క్షమాపణగా వ్రాసుకున్నాము. మౌనాన్ని మాఫీగా జమకట్టుకున్నాము. ఆ తొమ్మిది సంవత్సరాలలోనే ఇదే మింబరు మీద నిలబడి వారసత్వపు ఆజ్ఞల గురించి మేము ప్రసంగించాము. వినే మీకు తెలియదు, చెప్పే మాకు కూడా తెలియలేదు. తుప్పు లక్షణమే అది. అది పట్టేటప్పుడు శబ్దం చేయదు.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. దాసుడు చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పిపుచ్చితే, దానిని తానే ఊరంతా చాటుకోవడం ధర్మం కాదు. తనకూ తన ప్రభువుకూ నడుమ ఉన్న తప్పును తౌబాతో అక్కడే ముగించుకోవాలి. కాని ఇది మా ప్రభువుకూ మాకూ మాత్రమే సంబంధించినది కాదు. ఒక మనిషి హక్కు. ఇమాము గారి ఇంట్లోనే ఆడపిల్లకు పాలు ఇవ్వలేదు గదా అని, మమ్మల్ని చూసి తమ అక్కచెల్లెళ్ళ పాలు ఆపుకున్నవారు ఈ పేటలో ఉన్నారు. మా తప్పును చూసి నేర్చుకున్నవారికి మా దిద్దుబాటు కూడా తెలియాలి. మా చెల్లెలి అనుమతి తీసుకొనే ఈ మాట చెబుతున్నాము.

దివ్య ఖుర్ఆన్‌లో హృదయాలకు పట్టే తుప్పు ప్రస్తావన ఎక్కడ వచ్చింది? 83వ సూరాలో, 14వ వాక్యంలో. మానవులు తాము సంపాదించుకుంటూ వచ్చిన చెడు కర్మలే వారి హృదయాలను తుప్పువలె కమ్మివేశాయని అక్కడ భావం. ఆ సూరా పేరేమిటి? ముతఫ్ఫిఫీన్. అనగా, తూకంలో కొలతలో తగ్గించేవారు. తాము తీసుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం ఉన్నదనే హెచ్చరికతోనే ఆ సూరా ఆరంభమవుతుంది. ఎన్నిమార్లు పఠించామో ఆ సూరాను! తగ్గించి తూచేవాడంటే తక్కెడ పట్టుకున్న దుకాణదారుడే అనుకున్నాము. మా తండ్రిగారు నలభై ఏండ్లు తక్కెడ పట్టుకొని ఒక్క కాయ కూడా తగ్గించలేదు. తక్కెడ ముట్టని మేము, సొంత చెల్లెలికి అయిదవ వంతు తగ్గించాము.

దాసుడు ఒక పాపం చేసినప్పుడు అతని హృదయం మీద ఒక నల్లని చుక్క పడుతుందని, అతడు దానిని విడిచి, క్షమాపణ వేడుకొని, మరలివస్తే హృదయం మళ్ళీ శుభ్రమవుతుందని, మళ్ళీ మళ్ళీ చేస్తే ఆ నలుపు పెరిగి హృదయాన్నంతటినీ కమ్మివేస్తుందని, ఖుర్ఆన్ చెప్పిన తుప్పు అదేనని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. తిర్మిజీ గ్రంథంలో ఈ హదీసు ఉన్నది. నీరు తగిలిన ఇనుమువలె హృదయాలూ తుప్పు పడతాయని, మరణ స్మరణ, ఖుర్ఆన్ పఠనం వాటికి మెరుగు పెడతాయని మరొక ఉల్లేఖనం బైహఖీ గ్రంథంలో కనబడుతుంది. దాని పరంపర బలహీనమని హదీసు విద్వాంసులు చెప్పారు, కనుక దానిని ప్రమాణంగా నిలబెట్టడం లేదు. అయినా జిక్ర్, ఇస్తిగ్‌ఫార్ హృదయానికి మెరుగు అన్న సంగతిని మన పెద్దలు ఎందరో విశదీకరించారు.

అయితే ఒక్క హెచ్చరిక. మెరుగు పెట్టడం వేరు, తుప్పు తీయడం వేరు. తుప్పు తీయకుండా దాని మీదనే నూనె పూస్తే కొంతసేపు నిగనిగలాడుతుంది, లోపల తినేది తింటూనే ఉంటుంది. తస్బీహ్ త్రిప్పుతూ ఇతరుల సొమ్మును దగ్గర పెట్టుకోవడం అటువంటిదే. తౌబాకు పండితులు చెప్పిన షరతులు మీకు తెలుసు. పాపాన్ని విడిచిపెట్టాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్ళీ చేయబోనని సంకల్పించాలి. సాటి మనిషి హక్కుకు సంబంధించినదైతే నాలుగవది కూడా ఉన్నది. ఆ హక్కును అతనికి తిరిగి చేర్చాలి. ఈ నాలుగవది లేనిదే తక్కిన మూడూ నూనె పూత మాత్రమే.

మేము తమ్ముని కూర్చోబెట్టుకొని లెక్క వేశాము. తొమ్మిది సంవత్సరాలు, అనగా 108 నెలలు. నెలకు 2,000 చొప్పున అద్దె 2,16,000 రూపాయలు. ఇంటి పన్నుకు, మరమ్మతులకు అయిన ఖర్చు 16,000. మిగిలినది 2,00,000. అందులో అయిదవ వంతు 40,000 రూపాయలు. ఇంటిలో ఆమె పాలు వేరు. దానిని కాగితం మీద వ్రాసి, ముగ్గురి సంతకాలతో నమోదు చేయించాలని నిర్ణయించుకున్నాము. మా తమ్ముడు మొదట, "పెళ్ళికి ఇచ్చాము గదా భాయ్‌జాన్" అన్నాడు. పెళ్ళికి ఇచ్చినది తండ్రిగారు బ్రతికి ఉండగా ఆయన ఇష్టంతో ఇచ్చినది, ఇది ఆయన వెళ్ళిపోయాక అల్లాహ్ ఇమ్మన్నది, ఒకటి మరొకదానిని రద్దు చేయదని చెప్పాము. అతడు మౌనంగా ఉండి, మరునాడు తన వంతు 20,000 తెచ్చి ఇచ్చాడు. అల్లాహ్ అతనికి మేలు చేయుగాక.

ఇద్దరమూ కలిసి గుడివాడలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళాము. డబ్బు, లెక్క కాగితం, చాకు ఆమె ముందు పెట్టాము. ఆమె ఏడుస్తుందని, వద్దంటుందని మేము అనుకున్నాము. ఆమె ఏడవలేదు. వద్దనలేదు. కాగితం చివరిదాకా చదివి, నోట్లు లెక్కపెట్టి, పక్కన పెట్టుకున్నది. తరువాత అన్నది:

"నాలుగేళ్ళ క్రితం మా పిల్ల పెళ్ళికి నా గాజులు తాకట్టు పెట్టాము భాయ్‌జాన్. విడిపించుకోలేక పోయాము. అవి అమ్మీ గాజులు."

ఆ సమయంలో ఆమె సొమ్ము మా దగ్గర ఉన్నది. ఆమె చేయి చాచి అడగలేదు, మేము చేయి తెరచి ఇవ్వలేదు. మా తల్లిగారి గాజులు ఏ కొలిమిలో కరిగిపోయాయో! మేము క్షమించమన్నాము. ఆమె, "క్షమించాను. కాని మరచిపోయానని చెప్పను, అది అబద్ధమవుతుంది" అన్నది.

చాకు మీది గుంటలు అప్పుడు మా కళ్ళ ముందు మెదిలాయి. హక్కు తిరిగి ఇస్తే తుప్పు పోతుంది. తుప్పు ఉన్న కాలం తిన్నదేదో అది తిన్నదే. ఆలస్యానికి ఆ విధంగా వెల ఉంటుంది. అందుకే దైవప్రవక్త (స), తన సోదరునికి అన్యాయం చేసినవాడు దీనారూ దిర్హమూ చెల్లని రోజు రాకముందే, ఈనాడే దానిని సరిచేసుకోవాలని బోధించారు. ఆ రోజున పుణ్యాలతో చెల్లించవలసి ఉంటుంది, పుణ్యాలు చాలకపోతే ఎదుటివారి పాపాలను మోయవలసి ఉంటుంది. సహీహ్ బుఖారీలో ఉన్న మాట ఇది.

చాకు సంగతి అడిగాము. అయిదు పాళ్ళుగా కోయడానికి వీలుకాని ఆస్తి గదా! ఆమె దానిని విప్పి చూసి, "ఇది నాకివ్వండి" అన్నది. తమ్ముడు సరేనన్నాడు, మేము సరేనన్నాము. ఇప్పుడు అది గుడివాడలో, ఆమె వంటింట ఉన్నది. మా ఎదుటే ఒక బత్తాయి కోసి, మొదటి చీలిక మా చేతిలో పెట్టింది. తొక్క మీద మచ్చ ఉన్న వైపు నుండే మొదలుపెట్టింది. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నది.

సోదరులారా! ఈ వారం మీరు చేయదగిన పని ఒకటి చెబుతాము. ఇంటికి పోయి, గతించిన మీ పెద్దల పేరు ఒక కాగితం మీద వ్రాయండి. వారు వదిలిపోయినవన్నీ క్రింద వ్రాయండి. పొలం, ఇల్లు, బంగారం మాత్రమే కాదు; పెట్టె, సైకిలు, మంచం, చాకు కూడా. అంత్యక్రియల ఖర్చు, వారి అప్పులు, మూడవ వంతుకు మించని వసీయత్ తీరాయా చూడండి. ఆ తరువాత, కొద్దిదైనా అధికమైనా, మగవారికీ పాలున్నది, ఆడవారికీ పాలున్నది అన్న దైవాజ్ఞను ముందు పెట్టుకొని లెక్క వేయండి. లెక్క రాకపోతే ఆలిముల దగ్గరకు రండి.

"మా అక్క మాఫ్ చేసింది" అంటారు కొందరు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయంతో అన్న మాట మాఫీ కాదు. ముందు ఆమె సొమ్ము ఆమె చేతిలో పెట్టండి. కొన్నాళ్ళు ఆమె దగ్గరనే ఉండనివ్వండి. ఆ తరువాత ఆమె సంతోషంగా మీకు ఏదైనా ఇస్తే అది ఆమె దానం. సోదరీమణులారా! మీ హక్కును అడగడం సిగ్గుమాలిన పని కాదు. అడగడం ద్వారా మీరు మీ సోదరుని అగ్ని నుండి కాపాడుతున్నారు.

ఒకేసారి ఇవ్వలేని స్థితిలో ఉన్నవారు నిరాశ పడవద్దు. మూసుకుపోయిన అలుగు మూడు రాత్రులకు వెంట్రుకవాసి కదిలింది. ఎంత ఇవ్వాలో నేడు ఒప్పుకోండి, వ్రాసి ఇవ్వండి, వాయిదాలు చెప్పుకోండి. కదలిక మొదలుకావాలి.

చాకు గురించి కూడా రెండు మాటలు. జంతువును జిబహ్ చేసేవారు కత్తిని బాగా పదును చేసుకొని, దానికి బాధ తగ్గించాలని ప్రవక్త (స) ఆదేశించారు. జంతువు చూస్తుండగా దాని ముందే పదును పెట్టడాన్ని మందలించారు. మస్జిదులోగాని బజారులోగాని బాణాలు తీసుకొని నడిచేవారు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి ములుకులను పట్టుకోవాలన్నారు. పరిహాసానికైనా సోదరుని వైపు ఇనుము చూపవద్దన్నారు. మన పిల్లలు, ముఖ్యంగా యువకులు, చొక్కా జేబులో చాకు పెట్టుకొని తిరగడం ఒక గొప్పగా భావించే రోజులివి. వారికి చెప్పండి. మా తండ్రిగారి చాకు నలభై ఏండ్లు జేబులో ఉన్నది. అది మనుషులకు పండు తినిపించింది, ఎవరినీ భయపెట్టలేదు.

ఓ అల్లాహ్! మా హృదయాలకు పట్టిన తుప్పును తొలగించు. మా చేతులలో నిలిచిపోయిన పరుల హక్కులను మా మరణానికి ముందే వారికి చేర్చే శక్తిని ప్రసాదించు. మా తూకాలను నిండుగా ఉంచు. మేము బాధించిన వారి మనసులకు నీవే ఊరట కలిగించు. గతించిన మా తల్లిదండ్రులను మన్నించు, వారి నిజాయితీలో మాకూ వారసత్వం ఇవ్వు. ఆమీన్.

మా చివరి మాట కూడా సర్వలోకాల ప్రభువుకు స్తోత్రమే.